కారు కూసినా కంగారు పడొద్దు

కారులోంచి కొత్త శబ్దం వస్తే చాలు, అదేమిటో కనుక్కోవాలని కొందరు తెగ ఆరాటపడతారు. ఈ ఆరాటమే కొంప ముంచేది. కనుక్కుంటే బాగు చేయించాలి. బాగు చేయించాలంటే డబ్బు తియ్యాలి. రోగం పేరు తెలియనంత కాలం కారు ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. ఈ ఒక్క సూత్రం వంటబట్టిన వాళ్ళకి కింద చెప్పబోయే చిట్కాలన్నీ చదవకుండానే వచ్చేస్తాయి. తక్కిన వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇవి నేను సొంతంగా కనిపెట్టినవి కావు. అపార్ట్‌మెంటు సెల్లార్లలో, టీ కొట్ల ముందు, పెళ్ళి భోజనాల దగ్గర, "మా బావమరిది కారుకీ అచ్చం ఇదేనండీ" అని మొదలెట్టే పెద్దమనుషుల దగ్గర ఎవరికైనా ఉచితంగా దొరికేవే.

శబ్దం వస్తే పాట పెంచమనే సలహా అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద సమయం వృథా చేయను. అది చాలదు కూడా. చక్రం బేరింగు అరుపు చెవికి అందకపోయినా స్టీరింగు వణుకులో చేతికి అందుతుంది. కనుక పాటతో పాటు స్టీరింగుకి దళసరి కవరు కూడా తొడిగించండి.

మేస్త్రీకి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

షెడ్డుకి వెళ్ళక తప్పనప్పుడు శబ్దం ఎలా ఉందో మాత్రమే చెప్పండి. టకటక, కటకట, గరగర, గురగుర, కీచు, కిర్రు, బుస్సు, అన్నీ నోటితో చేసి చూపించండి. చేతులు ఊపండి. పానాలు అందించే కుర్రాడు నవ్వినా ఆపకండి. ఎప్పుడు వస్తోందో మాత్రం పొరపాటున కూడా నోరు జారకండి.

ఎందుకంటే ఆ "ఎప్పుడు" అన్నదే అసలు గుట్టు బయటపెట్టేది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమని రెండు నిమిషాల్లో ఆగిపోతోందన్నారనుకోండి, మేస్త్రీ తిన్నగా బెల్టు మీద చెయ్యి వేస్తాడు. బండి కదలకుండా న్యూట్రల్లో రేస్ చేసినా వస్తోందంటే ఇంజన్ వైపుది. కదిలితేనే వస్తూ, స్పీడుతో పాటు పెరుగుతోందంటే చక్రాల వైపుది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టక్ టక్ అంటోందంటే ముందు చక్రం యాక్సిల్ జాయింటు. క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు బేరింగు, తొక్కగానే మొదలైతే క్లచ్ బేరింగు. బ్రేకు దగ్గర సన్నటి కీచు వినిపిస్తే అది ప్యాడ్లు అరిగాయని చెప్పడానికి తయారుచేసినవాడు పనిగట్టుకుని పెట్టిన రేకుముక్క పని కావచ్చు. చూశారుగా, మీరు ఒక్క వాక్యం చెబితే మేస్త్రీ పని సగం అయిపోతుంది. రోజంతా సెలవు పెట్టి వచ్చిన మనిషి పావుగంటలో ఇంటికి వెళ్ళి ఏం చెయ్యాలి?

షెడ్డు గుమ్మంలోకి రాగానే శబ్దం ఆగిపోవడం అందరూ చూసిందే. అక్కడిదాకా నడిచొచ్చిన ఇంజన్ వేడెక్కి ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు ఇక రాదు. రాత్రికి బండి అక్కడే వదిలేసి, పొద్దున్నే చల్ల ఇంజన్ని మేస్త్రీ చేతే స్టార్ట్ చేయించొచ్చు. ఫోన్లో రికార్డు చేసి తెచ్చి వినిపించనూ వచ్చు. అలాంటి పనులు చెయ్యకండి. "మీ దగ్గరికి రాగానే నంగనాచిలా నోరు మూసుకుందండీ" అని చెప్పుకునే ముచ్చట పోతుంది.

ఇంకో జాగ్రత్త. ఆటోనగర్ల వైపు వెళితే పొడుగాటి స్క్రూడ్రైవరు కొనని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకుని వినే ముసలి మేస్త్రీలు తగులుతారు. ఆల్టర్నేటరు మీద ఒకసారి, వాటర్ పంపు మీద ఒకసారి, టాపెట్ కవరు మీద ఒకసారి పెట్టి, ఏది అరుస్తోందో అక్కడికక్కడే వేలు పెట్టి చూపిస్తారు. వీళ్ళకి దూరంగా ఉండండి. ఒక్క బేరింగు మార్చి పంపించేస్తారు. మనకి కావలసింది ముందు ప్లగ్గులు మార్చి, తగ్గకపోతే కాయిల్ మార్చి, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్లు కడిగించి, చివరికి "బోర్ చేయించాలి సార్" అనే మనిషి. ఆయన దగ్గర బిల్లు ఎంతైనా, ఏదో ఒకటి మారుతోందన్న తృప్తి ఉంటుంది.

కీచుమనే బెల్టు

ఇంజన్ ముందుభాగంలో కనిపించే రబ్బరు బెల్టు పాతబడి పగుళ్ళిచ్చినా, వదులైనా జారుతూ కూస్తుంది. ఏసీ వేసినప్పుడో, వానలో తడిసినప్పుడో కూత హెచ్చుతుంది. కొందరు ఛాందసులు బెల్టుని, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ని చూపించుకోమంటారు. మనకి కొబ్బరి నూనె ఉండగా టెన్షనర్ల దాకా ఎందుకు? నాలుగు చుక్కలు వెయ్యండి, కూత ఠక్కున ఆగిపోతుంది. నూనె తాగిన రబ్బరు మరింత జారుతుంది, ఉబ్బుతుంది, పొరలుగా ఊడుతుంది. అందుకు ఇంకా నాలుగు రోజులు పడుతుంది కదా. సబ్బుబిళ్ళ రుద్దేవాళ్ళు, టాల్కం పౌడరు చల్లేవాళ్ళు వేరే శాఖ వాళ్ళు. ఫలితంలో తేడా లేదు.

ఓపిక పట్టగలిగితే ఏమీ రాయకుండా ఊరుకోవడమే ఉత్తమం. ఒకరోజు బెల్టు దానంతటదే తెగుతుంది, ఆ క్షణం నుంచి కీచుమనే శబ్దం శాశ్వతంగా పోతుంది. అదే బెల్టు ఆల్టర్నేటర్ని, చాలా కార్లలో వాటర్ పంపునీ తిప్పుతుంది కాబట్టి బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది, టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగైతే అదీ బిగుసుకుపోతుంది. అప్పుడు బండి పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతున్న రేడియేటర్ మూత వెంటనే తిప్పమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తియ్యగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. కాబట్టి ఆ చెప్పినాయన్నే తియ్యమనండి. ఆయన తియ్యడు. సలహాలిచ్చే వాళ్ళకీ సలహా తీసుకునే వాళ్ళకీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఎర్ర దీపాలతో కాపురం

డాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మతో ఒక ఎర్రలైటు ఉంటుంది. దాని అర్థం ఆయిల్ కాస్త తగ్గిందని చాలామంది అనుకుంటారు. అలాగే అనుకోనివ్వండి. అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి. పంపు తోసే ఒత్తిడి లేకపోతే క్రాంక్‌షాఫ్ట్‌కీ దాని బేరింగులకీ మధ్య ఉండే పల్చటి నూనెపొర మాయమై, లోహం మీద లోహం ఒరుసుకుంటుంది. ఇంజన్ పాడవడానికి నెలలు పట్టదు, నిమిషాలు చాలు. అందుకే పుస్తకాలు రాసేవాళ్ళు వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యమంటారు. చదునైన చోట కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్కు తీసి చూడమంటారు. హైవే పక్కన ఎండలో నిలబడి గుడ్డముక్కతో కడ్డీ తుడుచుకోవడం పరువు గల మనిషి చేసే పనేనా? "ఊరు ఇంకో పాతిక కిలోమీటర్లే కదా, నెమ్మదిగా పోనిద్దాం" అనండి. లైటు కళ్ళలో కొడుతుంటే దాని మీద అగరబత్తి స్టాండు పెట్టుకోండి.

ఇంజన్ ఆయిల్ విషయంలో ఒక వరస పాటిస్తుంది. ముందు పైనుంచి టిక్ టిక్ అని సన్నగా, కుట్టుమిషన్ తిరుగుతున్నట్టు మొదలవుతుంది. అది టాపెట్ల దగ్గరికి ఆయిల్ సరిగా అందక వచ్చే చప్పుడు కావచ్చు. అక్కడే ఆయిల్ చూసుకుంటే ఒక డబ్బాతో పోయే సందర్భాలు చాలా ఉన్నాయి. పట్టించుకోకపోతే కింద నుంచి, బరువుగా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా దడ్ దడ్ మని సుత్తి పెట్టి కొట్టినట్టు మొదలవుతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయిందన్న మాట. మేస్త్రీలు దీన్ని విన్నాక మాట్లాడరు, తల అటూ ఇటూ ఊపుతారు. మన సూత్రం ప్రకారం ఈ రెండింటికీ మధ్య ఉన్న గడువంతా లాభమే.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వచ్చే కటకట వేరే జాతి. తిరుమల కొండకి కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను పెట్టుకుని పెట్రోలు మిగల్చడానికి పై గేరులోనే లాగిస్తూ యాక్సిలరేటర్ అణగదొక్కండి. సిలిండరులో స్పార్కు మంట అంచు దాకా చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకుని టపటపలాడుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. కొత్త కార్లలో నాక్ సెన్సరు పసిగట్టి స్పార్కు టైమింగు వెనక్కి జరుపుకుంటుంది, పాత కార్లలో ఆ దయ కూడా లేదు. గేరు ఒకటి తగ్గిస్తే చాలావరకు అక్కడికక్కడే పోతుంది. అప్పటికీ పోకపోతే పెట్రోలు ఆక్టేన్ చాలట్లేదేమో, లోపల మసి పేరుకుందేమో చూసుకోవాలి. కానీ గేరు తగ్గిస్తే ఇంజన్ పెద్దగా అరుస్తుంది. అరుపు చెడ్డదనీ కటకట మంచిదనీ మనం ఎప్పుడో తీర్మానించుకున్నాం. ఎలాగూ వెనక సీట్లో గోవింద నామాలు చెబుతుంటారు కాబట్టి వినిపించదు.

సెల్ఫ్ తీసుకోవట్లేదు

బ్యాటరీ విషయంలో మన పూర్వులు అదృష్టవంతులు. అంబాసిడర్ ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పితే, బ్యాటరీ నీరసించినా బండి లేచేది. (ఆ హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేదనుకోండి. 1912లో కెడిలాక్ కారులోకి చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చింది ఆ బాధ తప్పించడానికే.) 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పటి కార్లకి హ్యాండిల్ దూర్చే కన్నమే ఉండదు. అందుచేత పొద్దున్నే తాళం తిప్పగానే టకటకటక అని ఊరుకుంటే మనకి మిగిలేది చర్చ ఒక్కటే.

ఆ చర్చని చంపేసే వస్తువు ఒకటుంది. మల్టీమీటరు. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ అని పేరే గానీ లోపల ఆరు గదులు, గదికి సుమారు 2.1 వోల్టులు. నిండుగా ఉంటే 12.6. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ పొద్దున్నే 12.4 చూపిస్తే ముప్పావు వంతు నిండినట్టు, 12.2 అయితే సగం, 12 కిందకి దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి జారిపోతే బ్యాటరీకి వయసు మీదపడినట్టు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా ఉంటే ఆల్టర్నేటరు, అదే మన షెడ్డు భాషలో డైనమో, తన పని తాను చేస్తున్నట్టు. 12 చిల్లర దగ్గరే ఉండిపోతే ఛార్జింగు లేనట్టు. 15 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. రెండు నిమిషాల్లో, రెండు ముళ్ళు ఆనించి, ఎవరి అభిప్రాయమూ అడగకుండా ఇదంతా తేలిపోతుంది. అలాంటి వస్తువుని ఇంట్లోకి రానివ్వకండి.

మీటరు లేకపోయినా గుట్టు తెలిసిపోయే మార్గం ఇంకోటి ఉంది, దాన్నీ మరిచిపోండి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పడం. లైట్లు పూర్తిగా డీలా పడిపోతే బ్యాటరీలో పస లేదు, లేదా టెర్మినల్ వదులు. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ ఒక్క టక్‌తో సరిపెడితే అనుమానం స్టార్టర్ మోటారు మీదకి పోతుంది. ఆ టక్ కూడా లేకపోతే స్విచ్చు, ఫ్యూజు, రిలే.

వీటికి బదులు బానెట్ ఎత్తి సెల్లార్లో నిలబడండి. జనం వాళ్ళే వస్తారు.

"ఏమైంది బాబూ?"

"సెల్ఫ్ తీసుకోవట్లేదండీ, బాబాయి గారూ."

"పెట్రోలుందా?"

"నిన్ననే ఫుల్ ట్యాంకు కొట్టించానండీ."

"అదే మరి! బంకులో నీళ్ళు కలిపేశారు."

మూడో అంతస్తు కుర్రాడు దిగుతాడు. "సాఫ్ట్‌వేర్ ఏదైనా హ్యాంగ్ అయిందేమో అన్నా, బ్యాటరీ వైరు ఊడదీసి మళ్ళీ పెట్టు" అంటాడు. తమాషా ఏమిటంటే వైరు ఊడదీసి పెట్టే క్రమంలో తుప్పుపట్టిన టెర్మినల్ కాస్త ఒరుసుకుని కొన్నిసార్లు బండి నిజంగానే స్టార్ట్ అవుతుంది. దాంతో ఆ అపార్ట్‌మెంటులో అతని మాటకి తిరుగుండదు. టెర్మినల్ చుట్టూ పేరుకున్న తెల్లటి, పచ్చటి బూజు మాత్రం అలాగే ఉంటుంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన కాస్త వాసెలిన్ రాస్తే అయిపోయేదానికి ఇంతమంది పెద్దలు ఎందుకు దిగి వచ్చారని ఎవరూ అడగరు. వాచ్‌మన్ రాయి తెచ్చి టెర్మినల్ మీద రెండు దెబ్బలు వేస్తానంటే వెయ్యనివ్వండి. సీసపు స్తంభం లోపల విరిగితే కొత్త బ్యాటరీ కొనే నిర్ణయం తేలికవుతుంది.

కొన్ని పరీక్షలు మాత్రం మన సంప్రదాయం ఎంతో గర్వంగా కాపాడుకుంటోంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకెయ్యడం అందులో మొదటిది. ఇంజన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టట. కార్బురేటర్ కాలంలో అది నడిచింది. ఇప్పుడు బ్యాటరీ అనే ఆధారం హఠాత్తుగా పోతే డైనమో వోల్టేజి ఒక్క క్షణం ఎగిరిపడుతుంది. ఆ దెబ్బ తగిలేది ఇంజన్ని నడిపించే కంప్యూటరు పెట్టెకి. దాని ఖరీదు బ్యాటరీ ఖరీదు కంటే చాలా ఎక్కువ కాబట్టి ఈ పరీక్షకి ప్రతిష్ఠ కూడా ఎక్కువే.

రెండోది వైరుముక్కతో రెండు టెర్మినళ్ళూ కలిపి రవ్వలు చూడటం. ఛార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, లోపల ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒక్క రవ్వకి పైమూత పేలి యాసిడ్ కళ్ళలో పడిన వాళ్ళున్నారు. ఈ పరీక్ష చేసేవాళ్ళు తప్పనిసరిగా బీడీ ముట్టించుకుని, మరీ ముందుకి వంగి చూస్తారు. ఈ చిట్కా దగ్గర నేను కూడా పక్కకి తప్పుకుంటాను.

ఇంకో కారు నుంచి కరెంటు అందుకునేటప్పుడు కేబుళ్ళ రంగులు అందం కోసమే అనుకోండి. నిజానికి ఎరుపు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత బతికిన బ్యాటరీ ప్లస్‌కి. నలుపు బతికిన దాని మైనస్‌కి, చివరి కొస మాత్రం చచ్చిన కారు బ్యాటరీకి కాదు, ఇంజన్ మీద రంగులేని లోహపు ముక్కకి. చివర్లో వచ్చే రవ్వ బ్యాటరీకి దూరంగా రావాలని ఈ ఏర్పాటు. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే ఫ్యూజులూ డైనమోలోని డయోడ్లూ పోతాయి, సాయం చేయడానికి వచ్చిన కారువి కూడా. స్నేహాలు అలాగే ముగుస్తుంటాయి.

కేబుళ్ళు లేవా? తొయ్యించండి. మాన్యువల్ గేరు కారైతే రెండో గేరులో క్లచ్ వదిలితే లేస్తుంది, అందులో మనకి చెప్పడానికేమీ లేదు. ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్ళు నలుగురు కుర్రాళ్ళని పిలిచి వీధి చివరిదాకా తోయించండి. టార్క్ కన్వర్టరుండే గేర్‌బాక్సులో ఇంజన్ తిరిగితేనే లోపలి పంపు తిరుగుతుంది, పంపు తిరిగితేనే చక్రాలకీ ఇంజన్‌కీ లంకె కుదురుతుంది. ఎంత తోసినా కారు స్టార్ట్ అవదు. కుర్రాళ్ళకి వ్యాయామం.

కొత్త బ్యాటరీ కొన్నారనుకోండి. పాతదాన్ని చంపింది డైనమో అయినా సరే, దాని జోలికి పోకండి. కొత్తదీ కొన్నాళ్ళకే చల్లబడుతుంది. అప్పుడు "ఈ కంపెనీ బ్యాటరీలే ఇంత" అని ఒక సిద్ధాంతం చెయ్యొచ్చు. కొనేటప్పుడు పక్కన తయారీ తేదీ చూడొద్దు, షాపులో నెలల తరబడి కూర్చుని తనలో తాను ఖాళీ అవుతూ ఉన్నదాన్ని తగ్గింపు ధరకి ఇస్తే మహా ప్రసాదం. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోకండి. స్టార్ట్-స్టాప్ ఉన్న కారుకి దానికోసమే చేసిన రకం వెయ్యాలంటే "అన్నీ కరెంటే కదా" అనండి. నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ కోసం దుకాణం దాకా పోకుండా కుళాయి నీళ్ళు పట్టండి. మనం తాగేవే, ప్లేట్లకి పనికిరావా? అందులోని లవణాలు ప్లేట్లని పాడు చేస్తాయన్న సంగతి ప్లేట్లు చూసుకుంటాయి.

ఒక నిజం మాత్రం దాచలేను, చెప్పినా ఎవరూ నమ్మరు కాబట్టి చెబుతున్నాను. బ్యాటరీని చంపేది మన ఎండ. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం మూసిన బానెట్ కింద వేడికి లోపలి రసాయన క్షయం బాగా వేగం పుంజుకుంటుంది. అయినా వేసవిలో బండి బాగానే స్టార్ట్ అవుతుంది, చల్లటి మొదటి పొద్దునే మొరాయిస్తుంది. చంపినవాడు మేలో వెళ్ళిపోతాడు, కేసు డిసెంబరు మీద పడుతుంది.

అబ్బాయి కారు

మన ఊళ్ళలో ఒక ప్రత్యేక తరగతి కార్లున్నాయి. అబ్బాయి అమెరికాలో ఉంటాడు, కారు ఇక్కడ ఉంటుంది. అతను సెలవులకి వచ్చినప్పుడు తిరుపతికో, అత్తగారింటికో వెళ్ళడానికి. మిగతా కాలమంతా గుడ్డ కప్పుకుని ఉంటుంది. దాని బాధ్యత నాన్నగారిది. ఆయనకి డ్రైవింగ్ రాదు, వచ్చినా ఆ కారు తియ్యాలంటే భయం.

ఈ నాన్నగార్ల కోసం తయారైన చిట్కా: ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలుంచి ఆపెయ్యండి. చూడటానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది. వీడియో కాల్లో చూపించొచ్చు కూడా. ఐదు నిమిషాల ఐడిలింగ్‌తో సెల్ఫ్ కొట్టినందుకు పోయిన ఛార్జే సరిగా తిరిగి రాదు, వారమంతా గడియారం, అలారం, రిమోట్ తాళం తాగిన కరెంటు సంగతి సరే సరి. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి దహనంలో పుట్టిన నీటి ఆవిరి సైలెన్సరులోనూ ఆయిల్లోనూ ఉండిపోతుంది. ప్రతి ఆదివారం బ్యాటరీ కాస్త తగ్గుతుంది, ఆయిల్ కాస్త చెడుతుంది. నెలల తరబడి తియ్యని కారుకి మైనస్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టడమో, చిన్న మెయింటెనెన్స్ ఛార్జరు తగిలించడమో, వారానికోసారి తెలిసినవాడి చేత అరగంట రోడ్డు మీద తిప్పించడమో చాలు. కానీ అబ్బాయి ఫోన్ చేసి "కారు స్టార్ట్ చేశారా నాన్నా?" అని అడుగుతాడు గానీ "టెర్మినల్ విప్పారా?" అని అడగడు. అడిగినదానికి జవాబు చెప్పడమే మన పని.

డిక్కీ సరిగా పడక లోపలి బల్బు వెలుగుతూనే ఉండటం, ఎవరో బిగించిన డ్యాష్ కెమెరా రాత్రింబవళ్ళు రికార్డు చేస్తూ ఉండటం ఇలాంటి కార్లలో మామూలు. కారు ఆపి తాళం వేసి కాసేపయ్యాక మామూలుగా ఓ యాభై మిల్లీ ఆంపియర్లలోపు కరెంటే పోవాలి. అంతకంటే చాలా ఎక్కువ పోతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటి పీకి చూస్తే దొంగ దొరుకుతాడు. దొరికాక ఏం చేస్తారు? బల్బు మారుస్తారు. అంత చిన్న కారణానికి రెండు బ్యాటరీలు మార్చామని ఇంట్లో ఎవరికి చెబుతారు? వెతక్కండి.

నీళ్ళు దిగాక

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు బానెట్ల దాకా, కొన్ని పైకప్పుల దాకా మునిగాయి. నీళ్ళు దిగాక ఇంటి యజమాని మొదట చేసే పని తాళం తిప్పి చూడటం. ఇది చిట్కా కాదు, మనిషి ఆత్రం. దీన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఖర్చు పెంచుకోవడానికి దీన్ని మించిన మార్గం లేదన్న సంగతి ఈ సంకలనంలో చేర్చకపోతే లోటు.

గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. ఎయిర్ ఫిల్టరు గుండా సిలిండరులోకి చేరిన నీటి మీద పిస్టన్ పైకి లేస్తే ఎక్కడో ఒకచోట లొంగాలి, లొంగేది కనెక్టింగ్ రాడ్. తాళం తిప్పకుండా, బ్యాటరీ వైరు విప్పి, లాగించుకుని వెళ్ళి, ప్లగ్గులు తీసి నీళ్ళు బయటికి కొట్టించి, ఆయిల్లు మార్పించుకుంటే చాలా ఇంజన్లు బతుకుతాయి. మునిగిన కారుని స్టార్ట్ చేయబోయి చెడగొట్టిన ఇంజన్‌కి మామూలు బీమా పాలసీ డబ్బివ్వదు, అందుకు ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా ఉంటుంది. పాలసీ రెన్యువల్ అప్పుడు ఆ నాలుగు డబ్బులు మిగిల్చిన వాళ్ళే ఎక్కువ. ఎందుకంటే మనది మేడ మీద ఫ్లాటు కదా. కారు సెల్లార్లో ఉంటుందన్న సంగతి ఆ సంతకం పెట్టే రోజు గుర్తుకు రాదు.

ఇక అమ్మేద్దాం

ఇవన్నీ శ్రద్ధగా పాటించిన కారు ఒకనాటికి అమ్మకానికి సిద్ధమవుతుంది. కొనేవాడు వచ్చే అరగంట ముందు బండి ఒక చుట్టు తిప్పి తీసుకురండి. చల్ల ఇంజన్ చప్పుళ్ళన్నీ వేడికి అణిగి ఉంటాయి, నీరసపడ్డ బ్యాటరీకి కాస్త ఊపిరి వచ్చి మొదటి దెబ్బకే సెల్ఫ్ తీసుకుంటుంది. ఇంజన్లో మామూలు కంటే చిక్కటి ఆయిల్ పోయిస్తే దడదడ కొన్నాళ్ళు గొంతు తగ్గించుకుంటుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే స్టీరింగు కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్‌కి స్కానరు తగిలించి, లోపల పీ0562 అని ఉన్నా, పీ0300 అని ఉన్నా చదవకుండా చెరిపెయ్యండి. మొదటిది వోల్టేజి తక్కువని, రెండోది ఇంజన్ మిస్‌ఫైర్ అవుతోందని చెప్పే కోడ్లు. చెరిపాక కారు తన పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి. స్కానరు తెచ్చుకున్న కొనుగోలుదారుకి అవి అసంపూర్తిగా ఉన్నట్టు కనిపిస్తుంది. స్కానరు తెచ్చేవాడికి రేటు చెప్పకండి.

పొద్దున్న ఆరింటికి వస్తాననేవాడు, రాగానే పలకరింపు కంటే ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి వేడిగా ఉందేమో చూసేవాడు, ఆయిల్ మూత విప్పి లోపలికి తొంగిచూసేవాడు, వీళ్ళకి "నిన్ననే అడ్వాన్సు తీసుకున్నామండీ" అని చెప్పి పంపించెయ్యండి.

వచ్చిన డబ్బుతో ఇంకో పాత కారు కొనడానికి మీరు మాత్రం ఎండెక్కాక, తీరిగ్గా వెళ్ళండి. కాఫీ తాగండి. ఆయన కారు మొదటి దెబ్బకే స్టార్ట్ అవుతుంది, ఇంజన్ చప్పుడు లేకుండా తిరుగుతుంది, డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగదు. బానెట్ వెచ్చగా ఎందుకుందని అడగడం మర్యాద కాదు.